స్ఫటికపురిలో నిద్రశాల

స్ఫటికపురి సింహద్వారం పన్నెండు నిలువుల ఎత్తు. దాని రెండు స్తంభాల మీద గాజుపలకలతో కూర్చిన నెమళ్ళు పురి విప్పి నిలిచి ఉన్నాయి. పొద్దు పైకి ఎక్కేకొద్దీ ఆ పింఛాల నుంచి నీలి, పచ్చ, పసుపు కాంతులు జారి రాజమార్గం మీద రంగుల ముగ్గులు పరుస్తాయి. ఆ వింత చూడడానికి యాభై ఆరు దేశాల నుంచి జనం వస్తారు. ద్వారం కిందికి రాగానే తలెత్తి, నోరు తెరిచి, వెనకవాళ్ళు తోసేదాకా అలాగే నిలబడిపోతారు.

మేఘాద్రి యువరాజు మణికేతుడు మాత్రం తలెత్తలేదు. అతను నీడ కోసం వెతికాడు. స్తంభం మొదట్లో జానెడు నీడ కనిపించగానే వెళ్ళి అందులో చతికిలబడి, చెప్పు విప్పి, పగిలిన అరికాలిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"చూడవా నాయనా? గాజు నెమళ్ళంట," అంది అతని వెంట ఉన్న బూసమ్మ.

"ఆరు ఊళ్ళు చూశాం కదవ్వా. ఒకచోట వెండి ఏనుగులు. ఒకచోట గంటగంటకీ కూసే ఇత్తడి కోడి. నువ్వు చూసి చెప్పు, నేనూ చూసినట్టే."

"నాకు మెడ పట్టేసింది. ఇద్దరం చూసేశామనుకుందాం."

బూసమ్మ మేఘాద్రి అంతఃపురపు మంత్రసాని. అరవై అయిదేళ్ళ మనిషి. మణికేతుడినీ, అతని అక్క కువలయదేవినీ భూమ్మీదికి తెచ్చిన చేతులు ఆమెవే. ఇప్పుడు ఆ చేతులు మూతకు మైనం పెట్టిన ఒక రాగి చెంబును కొంగులో చుట్టి, పొట్టకు ఆనించి పట్టుకుని ఉన్నాయి. ఆ చెంబు నింపడానికే ఇద్దరూ పదకొండు నెలలుగా నడుస్తున్నారు.

మూడేళ్ళ కిందట కువలయదేవికి తొమ్మిది నెలలు నిండాయి. పది నిండాయి. పన్నెండు నిండాయి. బిడ్డ కడుపులో కదులుతూనే ఉంది గాని బయటికి రాలేదు. ఆ బిడ్డ తొలి ఏడుపు లోకంలో వినపడ్డ మరుక్షణం తన విద్యలన్నీ బూడిదవుతాయని తెలిసి, కాలజంఘుడనే మాంత్రికుడు ఆమె గర్భాన్ని బంధించాడు. బంధించి ఎటో మాయమైపోయాడు. అతడి ముఖం చూసినవాళ్ళు మేఘాద్రిలో లేరు. ఏదో హోమం వికటించి అతడి కుడికాలి పిక్క బొగ్గులా మాడిపోయిందనీ, అందుకే ఆ పేరనీ మాత్రం అందరికీ తెలుసు.

సప్తధారా మండలంలోని ఏడు పురాతన ధారల నీళ్ళు ఒకే చెంబులో పట్టి తాగిస్తే తప్ప, అన్నేళ్ళ కాన్పును తల్లి తట్టుకుని బతకదని కులగురువు చెప్పాడు. రాబోయే సూర్యగ్రహణం దాటితే ఆ నీళ్ళు కూడా పని చేయవన్నాడు. గ్రహణానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఇక్కడి నుంచి ఇంటికి ఎనిమిది రోజుల నడక.

ఆరు ధారలు దొరికాయి. ఒక్కటీ తేలిగ్గా దొరకలేదు. ఆ మండలమంతా అంతే. మునులు తపస్సు చేసిన గుహ పక్కనే నిన్నమొన్న లేచిన మహానగరం, గుడి గోపురాన్ని ఆనుకుని ఏడంతస్తుల మేడ. మొదటి ధారను పట్టుశాలలో నూలు తడపడానికి మళ్ళించారు. మూడోది ఒక సేనాపతి స్నానాలగదిలో పడుతోంది. మణికేతుడు ఒళ్ళు పట్టేవాడి వేషంలో వెళ్ళి, ఆ సేనాపతి వీపు రుద్ది మరీ నీళ్ళు పట్టుకొచ్చాడు. అయిదో ధార దగ్గర మొసలి ఉంది. దాని గురించి చెప్పుకునే ఓపిక కూడా ఇద్దరికీ లేదు.

మిగిలింది ఏడోది, ఉగ్గుధార. అది ఈ స్ఫటికపురిలోనే ఎక్కడో ఉంది.

"లే! లే! ఇక్కడ కూర్చోకూడదు!" ద్వారపాలకుడు ఈటె మొనతో స్తంభాన్ని తట్టాడు. "ఎవరు మీరు?"

"అవ్వా మనవళ్ళం బాబూ. గాజులమ్మేవాళ్ళం. ఉగ్గుధారకు మొక్కుకున్నాం," అంది బూసమ్మ వంగి వంగి. మణికేతుడి ఒంటి మీద నేతపంచె, చేతిలో వెదురుకర్ర ఉన్నాయి. కర్ర బోలులో సన్నటి కత్తి దాగి ఉంది.

"యాత్రికులైతే ఈ పసుపు కండువాలు వేసుకోండి. వరస తప్పొద్దు. నగరంలో ఎక్కడా కూర్చోవద్దు, ఆనుకోవద్దు, పడుకోవద్దు. నగరశోభ చెడుతుంది. ఈ నగరం కట్టిన మా స్థపతి విశ్వరూపాచార్యులవారి ఆజ్ఞ."

నిజంగానే ఆ నగరంలో కూర్చోవడానికి చోటు లేదు. ఏ ఇంటికీ అరుగు లేదు. ఏ వీధిలోనూ చెట్టు మొదట్లో దిమ్మె లేదు. అద్దంలాంటి తెల్లరాతి బాటలు, వాటికి రెండు పక్కలా నున్నటి గోడలు. ఆ గోడల్లో తమ ముఖాలు తమకే కనిపిస్తుంటే, దుమ్ము కొట్టుకుపోయిన ఆ ఇద్దరెవరో మణికేతుడు మొదట పోల్చుకోలేకపోయాడు.

యాత్రికుల వరస ఒక కొత్త ఆలయం ముందు ఆగింది. దాని శిఖరం చంద్రకాంతశిల. ద్వారబంధాలకు పగడాలు పొదిగారు. గర్భగుడిలో ఏనుగంత బంగారు ఆవు, దాని నోట్లోంచి దూకుతున్న నీళ్ళు, ఆ నీళ్ళ కింద పాలరాతి దోనె. శంఖాలు మోగుతున్నాయి. జనం "ఉగ్గుధారమ్మా!" అని మొర పెడుతూ దోసిళ్ళు పడుతున్నారు.

మణికేతుడు బూసమ్మ చెయ్యి పట్టి ముందుకు లాగాడు. "అవ్వా, దొరికేసింది! మొసలి లేదు, సేనాపతి లేడు. పట్టుకో, పోదాం."

బూసమ్మ చెంబు తెరవలేదు. దోసెడు నీళ్ళు పట్టి వాసన చూసింది. నాలుక మీద ఒక్క చుక్క వేసుకుంది. మిగిలినవి కింద పారబోసింది.

"ఊట నీళ్ళు కావు. ఎక్కడో తొట్టిలో నిలవబెట్టి తోడి పోస్తున్నారు. పాచి వాసన."

"అంత కచ్చితంగా ఎలా చెబుతావు?"

"నాలుగు వందల మంది పసిగుడ్లకి తొలి స్నానం చేయించాను నాయనా. నీళ్ళు తెలీకపోతే నేనేం మంత్రసానిని?"

ఆలయం వెనక ఒక పాకీమనిషి చీపురుతో నీళ్ళు తుడుస్తోంది. పేరు చెంగి. అసలు ధార ఎక్కడని బూసమ్మ అడగగానే ఆమె చీపురు ఆపింది, అటూ ఇటూ చూసింది, మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

"అడగమాకమ్మా. అడిగినోళ్ళని ఆచార్యులోరు తమ మేడకి పిలిపిస్తారు. పోయినోళ్ళు తిరిగి రావటం నేను చూళ్ళేదు."

"నువ్వీ ఊరి పిల్లవే కదా. నీకూ తెలీదా?"

"నేను ఆ ధార నీళ్ళతోనే ఉగ్గు తాగాను తల్లీ," అంది చెంగి తలెత్తకుండా. "మూడేళ్ళ నాడు ఆచార్యులోరు వొచ్చి, మా పేటంతా పడగొట్టించి, తెల్లరాయి పరిపించారు. ఈదులు మార్చేశారు, పేర్లు మార్చేశారు. మా ఇల్లు ఎక్కడుండేదో నాకే తెలవట్లేదు, ధార సంగతి ఏం చెప్పను? కాని అది సచ్చిపోలేదు. తెల్లారగట్ట తుడుస్తా ఉంటే ఒక్కోపాలి కాళ్ళ కింద గుడగుడమంటది. ఎక్కడని ఆగి చూద్దామంటే ఆగనియ్యరుగా."

బూసమ్మ ఆలోచించింది. తర్వాత చెంబును వీపున కట్టుకుని, నడివీధిలో సాష్టాంగపడింది. చెవి రాతికి ఆనించి పదిసార్లు ఊపిరి తీసేంత సేపు అలాగే ఉండి లేచింది. పది అడుగులు వేసి మళ్ళీ పడింది.

"ఏం చేస్తున్నావవ్వా?"

"మొక్కు. అడుగు దండాల మొక్కు. కూర్చోవద్దన్నాడు గాని దండం పెట్టొద్దనలేదు. నువ్వూ పడు."

మణికేతుడు కూడా పడ్డాడు. లేచాడు. పడ్డాడు. వీధి తర్వాత వీధి. రాయి ఎండకు కాగి చెంప చుర్రుమంటోంది. మోచేతులు చీరుకుపోయాయి. అంత కఠినమైన మొక్కు చూసి జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఒకావిడ మణికేతుడి పాదాల దుమ్ము తీసి కళ్ళకద్దుకుంది. ఒక్కో దండంలో అతనికి అక్కడే, ఆ వేడిరాతి మీదే ఉండిపోవాలనిపించేది. "లే నాయనా," అని బూసమ్మ అంటే లేచేవాడు. మరుసటి దండానికి ఆమె లేవలేకపోతే అతను చెయ్యిచ్చి లేపేవాడు.

పొద్దు పడమటికి మళ్ళే వేళకు, నగరం నడిబొడ్డున ఒక మూడంతస్తుల మేడ ముందు బూసమ్మ సాష్టాంగపడి, ఎంతసేపటికీ లేవలేదు. మణికేతుడు భయపడి ఒంగాడు. ఆమె కళ్ళు మూసుకుని నవ్వుతోంది.

"ఇక్కడే. నిండుచూలాలి పొట్ట మీద చెవి పెట్టినట్టుంది. కొట్టుకుంటోంది చూడు."

"పెద్దమ్మగారూ, ఎంత అలసిపోయారు!"

మేడ మెట్ల మీంచి ఒక మనిషి దిగి వచ్చాడు. పాదాల దాకా జీరాడే పట్టుపంచె, భుజాన ధవళ శాలువ, ముఖం నిండా చిరునవ్వు. "నన్ను విశ్వరూపాచార్యుడంటారు. ఈ నగరానికి స్థపతిని. అలసిన యాత్రికుల కోసం మా మేడలో విశ్రాంతిమందిరం కట్టించాను. ఒక్క ఘడియ నడుం వాల్చి వెళ్ళండి. నగరంలో మరెక్కడా పడుకోవడానికి వీల్లేదని మీకు తెలుసు కదా."

వెనక ఇద్దరు భటులు ఈటెలతో నిలబడ్డారు. కాదనే వీలు లేదు. పైగా ధార ఉన్నది ఆ మేడ కిందే. మణికేతుడు వెదురుకర్రను గట్టిగా పట్టుకుని లోపలికి నడిచాడు.

అది మందిరం కాదు, మేఘమండలం. పైకప్పు నుంచి ముత్యాల జాలరులు వేలాడుతున్నాయి. గోడల్లోని సన్నటి కిటికీల్లోంచి వట్టివేళ్ళ మీదుగా చల్లగాలి వీస్తోంది. రెండు వరసలుగా పందిరి మంచాలు. వాటి మీద హంసతూలికా తల్పాలు. ప్రతి మంచం మీదా ఒక యాత్రికుడు హాయిగా నిద్రపోతున్నాడు. చివర రెండు మంచాలు ఖాళీగా ఉన్నాయి.

మణికేతుడు ఆవులించాడు. అతన్ని చూసి బూసమ్మ ఆవులించింది. వాకిట్లోని భటుడు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆచార్యుడు మాత్రం ఆవులించలేదు. రెప్ప కూడా వేయలేదు. అతడి కళ్ళ జీరలు ఎర్రగా, తెగిన దారపు పోగుల్లా ఉన్నాయి.

"పడుకోండి," అని మెల్లగా చెప్పి, అతడు తలుపు మూసుకుని వెళ్ళిపోయాడు. బయట గడియ పడిన చప్పుడైంది.

"నాయనా! ఆ మొహం చూశావా?" బూసమ్మ గుసగుసలాడింది. "నిద్ర లేని మొహాలు నేను చాలా చూశాను. ఒక రాత్రి లేనిది ఎలా ఉంటుందో, మూడు రాత్రులు లేనిది ఎలా ఉంటుందో తెలుసు. వీడిది ఏళ్ళ తరబడి కునుకు లేని మొహం. ఇది మంచి చోటు కాదు... నాయనా?"

మణికేతుడు అప్పటికే మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఒక్క క్షణం కూర్చుందామనుకున్నాడు. తల్పం అతన్ని తనలోకి లాక్కుంది. పదకొండు నెలల దారి, ఆరు ఊళ్ళు, అక్క ముఖం, అన్నీ దూదిలోకి దిగినట్టు దిగిపోయాయి. బూసమ్మ కుదిపింది. గిల్లింది. జుట్టు పట్టి లాగింది. ఉలుకూ పలుకూ లేదు. అతని పెదవుల మీద చిరునవ్వు కూడా వచ్చింది.

ఆమెకూ కళ్ళు మూతలు పడుతున్నాయి. కాని నొప్పులు పడే ఆడవాళ్ళ పక్కన నలభై ఏళ్ళుగా మేలుకుని ఉన్న కళ్ళవి. పుట్టి ఏడవని బిడ్డను ఏం చేస్తారో ఆమెకు తెలుసు. మణికేతుడి కాళ్ళు రెండూ ఎత్తి ఒడిసిపట్టి, పగిలి పచ్చిపుండై ఉన్న అరికాళ్ళ మీద చాచి కొట్టింది. రెండు. మూడు.

"అమ్మా!" అని కేక పెట్టి మణికేతుడు లేచి కూర్చున్నాడు.

"ఆఁ. పుట్టావు. ఇంక పడుకోకు," అంది బూసమ్మ రొప్పుతూ. "నిలబడే ఉండు."

పక్క మంచంలో గడ్డం మోకాళ్ళదాకా పెరిగిన ఒక ముసలాయన ఉన్నాడు. బూసమ్మ చెవి ఆనిస్తే నీటి చప్పుడు సరిగ్గా ఆ మంచం కిందనుంచే వచ్చింది. ఆమె ఆయన అరికాళ్ళ మీద కూడా నాలుగు వడ్డించింది. ఆయన ఉలిక్కిపడి లేచి, "అభిషేకం వేళైందా?" అన్నాడు.

ఆ క్షణాన్నే బయట వసారాలోంచి పెద్ద ఆవులింత వినపడింది.

ముసలాయన పేరు కేదారయ్య, ఉగ్గుధార పూజారి. మూడేళ్ళుగా నిద్రలో ఉన్నానని తెలిసి గడ్డాన్ని చివరిదాకా తడిమి చూసుకున్నాడు. తర్వాత గబగబా చెప్పాడు. "వాడు ఆచార్యుడు కాడమ్మా, కాలజంఘుడు. ఎక్కడో ఒక తల్లి గర్భాన్ని కట్టేశాడట. ఆ కట్టు వాడు మేలుకుని ఉన్నంతసేపే నిలుస్తుంది. వాడి రెప్ప పడిందా, కట్టు జారుతుంది. అందుకని వాడికి వచ్చిన నిద్రనంతా తెచ్చి మా మీద దించుతున్నాడు. మొదటి వాణ్ణి నేనే, నన్ను పడుకోబెడుతూ వాడే ఇదంతా వాగాడు. ఈ మంచాల మీద ఉన్నదంతా వాడి నిద్రే!"

మణికేతుడు, బూసమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అంటే వీళ్ళని లేపితే..."

"ఎవరి నిద్ర వారి దగ్గరికే పోతుంది," అన్నాడు కేదారయ్య.

గడియ ఊడి తలుపు భళ్ళున తెరుచుకుంది. కాలజంఘుడు గుమ్మంలో నిలబడ్డాడు. ఇప్పుడు ముఖంలో చిరునవ్వు లేదు. మణికేతుడు వెదురుకర్రలోంచి కత్తి దూసి అడ్డుగా దూకాడు. మొదటి వేటుకు పట్టుపంచె మోకాలి దాకా చీలి, బొగ్గులాంటి నల్లటి పిక్క బయటపడింది.

"మేఘాద్రి కుర్రాడివా!" అని మాంత్రికుడు పిడికెడు విభూతి విసిరాడు. అది గాలిలోనే పన్నెండు పాములై మణికేతుడి మీద పడింది. మణికేతుడు రెండింటిని నరికాడు, రెండు చేతికి చుట్టుకున్నాయి.

"అవ్వా! లేపు!"

బూసమ్మ పరుగెత్తింది. మోకాళ్ళ నొప్పులు మరిచిపోయింది. మంచం దగ్గర ఆగడం, దుప్పటి లాగడం, చటుక్కున కాళ్ళెత్తి చెళ్ళున కొట్టడం. అటు వరస కేదారయ్య, ఇటు వరస ఆమె. "అయ్యో!" "ఎవరది?" "దొంగలా?" అని ఒక్కొక్కరూ లేచి కూర్చుంటున్నారు. పది మంది లేచారు. కాలజంఘుడు మంత్రం మధ్యలో ఆవులించాడు. పాములు తాళ్ళలా కింద రాలిపోయాయి. ఇరవై మంది లేచారు. అతడు పళ్ళు కొరికి పులిని సృష్టించబోయాడు. నాలుక మడతపడి, తల మాత్రమే పులిదై తక్కినది పిల్లిదై పుట్టిన ఒక జంతువు అటూ ఇటూ చూసి కిటికీలోంచి దూకి పారిపోయింది. భటులు దాన్ని చూసి పారిపోయారు.

"వద్దు... వాళ్ళని పడుకోనీ!" కాలజంఘుడి గొంతు జీరపోయింది. అతడి చేతిలో మంత్రదండం తిరిగి మణికేతుడి భుజానికి తగిలింది. ఎముక విరిగినంత నొప్పి. మణికేతుడు మోకాళ్ళ మీద పడ్డాడు. అయినా రెండు చేతులతో మాంత్రికుడి నల్లకాలిని పెనవేసుకుని వదల్లేదు. ఆ కాలు చన్నీళ్ళలో నానిన కట్టెలా ఉంది.

"ముప్పై ఎనిమిది... నలభై..." బూసమ్మ అరుపులు వినిపిస్తున్నాయి. "ఇదిగో ఆఖరోడు! లెయ్యరా బడుద్ధాయీ!"

నలభై మూడో మనిషి "అబ్బా" అన్నాడు. కాలజంఘుడి దండం చేజారింది. మూడేళ్ళ నిద్ర ఒక్కసారిగా వచ్చి కూర్చుంటే మనిషి ఎలా అవుతాడో అలా అయ్యాడు. గోడ పట్టుకున్నాడు, గోడ వెంట జారాడు, మణికేతుడు ఖాళీ చేసిన తల్పం మీదే బోర్లా పడి గుర్రు పెట్టడం మొదలుపెట్టాడు.

మణికేతుడు కత్తి ఎత్తాడు.

"ఆగు నాయనా!" కేదారయ్య చెయ్యి పట్టుకున్నాడు. "ముడి వేసినవాడు చస్తే ఆ ముడి ఎవరూ విప్పలేనిదైపోతుంది. నిద్రలోనే దాన్ని వదులుతాడు. బిడ్డ పుట్టి ఏడ్చేదాకా వీడు నిద్రపోవాలి. అంతే."

ఇంకో మాట లేకుండా నలుగురు కలిసి కేదారయ్య మంచాన్ని పక్కకు జరిపారు. కింద ఇనుప మూత, దాని మీద చెక్కిన నాగబంధం. కత్తి మొన దూర్చి, పదిమంది కలిసి లాగితే మూత పెళ్ళగిలింది. మూడేళ్ళు అణిగి ఉన్న ఉగ్గుధార నిలువెత్తున లేచింది. ముత్యాల జాలరులు తెగి రాలాయి. లేచిన జనమంతా తడిసిపోయి, ఏడుస్తూ నవ్వారు. కాసేపటికి ఆ ఉద్ధృతి తగ్గింది. గొయ్యి అడుగున పాత రాతిమెట్లు, వాటి కింద వేగంగా తూర్పుకు పారుతున్న నల్లటి నీటి సొరంగం కనిపించాయి.

బూసమ్మ రాతి అంచున కూర్చుని, మైనం తీసి, ఏడో ధార నీళ్ళు చెంబులో పట్టింది. మూత పెట్టింది. పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఏమైందవ్వా?"

చెంబు వేడెక్కింది. లోపల నీళ్ళు బిగిసి, వదిలి, మళ్ళీ బిగుస్తున్నాయి. ఆ బిగువు ఏమిటో లోకంలో అందరికంటే బాగా బూసమ్మకు తెలుసు.

"నొప్పులు మొదలైనయ్," అంది ఆమె. ముఖం పాలిపోయింది. "కట్టు జారింది నాయనా. మీ అక్క అక్కడ నొప్పులు పడుతోంది. నీళ్ళు ఇక్కడున్నాయి. నేనూ ఇక్కడే ఉన్నాను."

ఎనిమిది రోజుల నడక. మణికేతుడు విరిగినట్టున్న భుజాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళు పడుతుంది?" అని కేదారయ్య అడిగాడు.

"తొలిచూలు. పైగా మూడేళ్ళు నిలిచిన బిడ్డ. రెండు రోజులు తప్పదు. మూడో రోజుకు తల్లి ఆగదు."

కేదారయ్య సొరంగంలోకి చూశాడు. "ఏడు ధారలకూ కింద నది ఒక్కటే. అది మేఘాద్రి లోయలో పైకి వస్తుందంటారు. మా తాత చిన్నప్పుడు ఇందులో ఒక మేకపిల్ల పడిందట. రెండో రోజు సాయంత్రానికి ఆ లోయలో తేలిందట."

"బతికే తేలిందా?" అన్నాడు మణికేతుడు.

"అది ఆయన చెప్పలేదు నాయనా."

మణికేతుడు కేదారయ్య మంచం పందిరి స్తంభాలు నరికేశాడు. తేలిక కట్టెతో చేసిన మంచం అది. యాత్రికులు దాన్ని తిరగేసి మెట్ల మీదుగా నీళ్ళలోకి దింపారు. అది తేలింది.

అంతలో మందిరంలోంచి ఎవరో కేక పెట్టారు. "కదులుతున్నాడు!"

కాలజంఘుడు నిద్రలో మూలుగుతున్నాడు. రెప్పలు అదురుతున్నాయి. చెంబులోని నీళ్ళు ఉన్నట్టుండి సద్దుమణిగాయి. బూసమ్మ పరుగున మెట్లెక్కి, వాడి తల పక్కన కూర్చుంది. వాడి నుదుటి మీద చెయ్యి వేసింది. వెయ్యాలని లేకపోయినా వేసింది. అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతో జోల ఎత్తుకుంది.

"పొద్దు వాలే, పిట్ట గూడు చేరే, జోజో
వాగు కూడా రాయి మీద వాలి నిదరోయే, జోజో..."

రెప్పల అదురు ఆగింది. మూలుగు గుర్రుగా మారింది. చెంబు మళ్ళీ బిగిసింది.

"ఇప్పుడెలాగ?" అంది బూసమ్మ మణికేతుడి వైపు చూసి. "నేను లేస్తే వీడు లేస్తాడు. నేను కూర్చుంటే అక్కడ మీ అక్క పోతుంది."

నలభై మూడో మంచంలోంచి లేచిన మనిషి ముందుకు వచ్చాడు. లావుగా, మంచివాడిలా ఉన్నాడు. అతని చెంపల మీద తలగడ ముద్రలు ఇంకా పోలేదు. "ఆ పాట మాకూ వచ్చిందమ్మా. ఇప్పుడే విన్నాం కదా. మేం చాలా నిద్రపోయాం. రెండు రోజులు కాదు, పది రోజులైనా మాకు కునుకు రాదు. మీరెళ్ళండి."

అతను కూర్చుని పాట అందుకున్నాడు. శ్రుతి లేదు. పక్కనున్న ముసలమ్మ కలిపింది. తర్వాత ఇంకొకరు. కేదారయ్య మాంత్రికుడి కాళ్ళ దగ్గర కూర్చుని చేత్తో తాళం వేశాడు. తడిబట్టలతో ఆ నలభై ముగ్గురూ మంచం చుట్టూ చేరి, తమ ఏళ్ళు దోచుకున్నవాడికి జోల పాడుతూ కూర్చున్నారు.

మణికేతుడు బూసమ్మను తేలుతున్న మంచం మీద కూర్చోబెట్టి, వెదురుకర్రతో రాతిని నెట్టాడు. ప్రవాహం వాళ్ళను లాక్కుపోయింది. వెలుగు ఒక నాణెమంతై, చుక్కంతై, ఆరిపోయింది. చీకట్లో పాట మాత్రం వెంట వచ్చింది. ఒక మలుపు తిరిగాక సన్నబడింది. రెండో మలుపు తర్వాత వినపడలేదు. అది ఆగిపోయిందో, తామే దూరమయ్యారో తెలియలేదు.

"అవ్వా, చెంబు?"

"బిగుస్తోంది. ఇంకా పాడుతున్నారు."

ఎంతసేపో పోయారు. మణికేతుడి తలకు రాయి గీరుకుంది. చెయ్యెత్తి తడిమితే సొరంగం కప్పు. అది అంతకంతకూ కిందికి దిగుతోంది. ముందు ఎక్కడో నీళ్ళు ఇరుకులోకి దూరుతున్న హోరు వినపడింది.

"వెల్లకిలా పడుకో నాయనా," అంది బూసమ్మ. అప్పటికే ఆమె చెంబును గుండెల మీద పెట్టుకుని పడుకుంది.

అతను పడుకున్నాడు. రాయి ముక్కుకు జానెడు ఎత్తున జరిగిపోతోంది. ఒళ్ళంతా నిద్ర కోసం ఏడుస్తోంది. అతను కళ్ళు చించుకుని చీకట్లోకి చూస్తూ, బూసమ్మ లెక్క వింటున్నాడు.

"బిగిసింది... వదిలింది... బిగిసింది..."

చల్లటి నీళ్ళు మంచం అంచు దాటి వాళ్ళ చెవుల దాకా వచ్చాయి.